తుమ్ముల లెక్క, పిల్లికూతల చరిత్ర



"మా రోజుల్లో ఈ ఎలర్జీలూ గిలర్జీలూ ఎక్కడివే అమ్మా? మట్టిలో ఆడేవాళ్ళం, చద్దన్నం తినేవాళ్ళం, దుక్కల్లా ఉండేవాళ్ళం." ఈ మాట ఒక్కసారైనా వినని కోడలు మన ఇళ్ళల్లో ఉందంటే నేను నమ్మను. పిల్లాడు పొద్దున్నే లేచి వరసగా పది తుమ్ములు తుమ్మితే చాలు, తప్పు తల్లి మీదికి వస్తుంది. "ఫ్యాను కింద పడుకోబెట్టావు", "ఐస్‌క్రీము అలవాటు చేశావు", "గాజుబొమ్మలా పెంచావు" అంటారు. పైకి ఏమీ అనకపోయినా, నిజమేనేమో అని మనమూ లోలోపల మథనపడుతూంటాం.

అంచేత ఇవాళ ఆ మాటనే ప్రశ్నగా తీసుకుందామనుకున్నాను. ఉబ్బసం, ఊరికే వచ్చే తుమ్ములు, చర్మం మీద మాటిమాటికీ లేచే దురద ఇదివరకటి కంటే నిజంగా పెరిగాయా? పెరిగాయని ఎవరు లెక్కపెట్టారు? ఎలా లెక్కపెట్టారు? ఈ లెక్కకి దాదాపు రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో రాజులూ యుద్ధాలూ లేవు గాని తల్లులు మాత్రం చాలామంది ఉన్నారు.

కథ 1819లో లండనులో మొదలవుతుంది. జాన్ బోస్టాక్ అనే వైద్యుడు ఆ ఏడు మార్చి నెలలో తోటి వైద్యుల సభలో ఒక రోగి సంగతి చదివి వినిపించాడు. ఏటా వేసవి రాగానే కళ్ళు ఎర్రబడి దురద పెట్టడం, తుమ్ములు, ముక్కు కారడం, గుండెలు పట్టేసినట్టుండడం ఆ రోగి బాధలు. ఎనిమిదో ఏట మొదలైన బాధ నలభై ఆరో ఏటికీ వదల్లేదు. ఆ రోగి మరెవరో కాదు, బోస్టాకే. తనలాంటి వాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని తరవాత తొమ్మిదేళ్ళ పాటు వెతికాడు. 1828 నాటికి ఆయనకి దొరికినవాళ్ళు 28 మంది! వాళ్ళందరూ కాస్త కలిగిన కుటుంబాల వాళ్ళే గాని పేదవాళ్ళలో ఈ జబ్బు కనబడలేదని కూడా రాశాడు. జనం దీనికి గడ్డి జ్వరం అని పేరు పెట్టారు. నిజానికి ఇందులో జ్వరం ఉండదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పేదవాళ్ళలో లేదు అన్నాడు సరే. లేకనా, అడిగే నాథుడు లేకనా? కూలికి పోయేవాడు తుమ్ములొచ్చాయని పెద్ద డాక్టరు గడప ఎక్కుతాడా? ఈ అనుమానాన్ని కొంగున ముడివేసుకోండి. కథ పొడుగునా మనకి పనికొస్తుంది.

తరవాత మాంచెస్టరులో చార్లెస్ బ్లాక్‌లీ అనే వైద్యుడు, ఆయన కూడా ఈ తుమ్ముల బాధితుడే, పువ్వుల పుప్పొడి తీసుకుని తన ముక్కులోనూ కంట్లోనూ వేసుకుని చూశాడు. గాలిపటాలెగరేసి పైగాలిలో పుప్పొడి ఎంత ఉందో లెక్కించాడు. దోషం పుప్పొడిదేనని 1873లో పుస్తకం రాశాడు. అయితే ఆయనకొక చిక్కు ఎదురయింది. పుప్పొడి మధ్యనే బతికే రైతులకి ఈ జబ్బు దాదాపు లేదు! ఎక్కువగా ఉన్నది చదువుకున్నవాళ్ళలో, పట్నవాసుల్లో. ఇదేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం తీరడానికి నూరేళ్ళు పైగా పట్టింది.

ఎలర్జీ అన్న మాట పుట్టింది ఇంకా తరవాత. 1906లో వియన్నా నగరపు పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే గ్రీకు మాటలు రెండు కలిపి దాన్ని తయారుచేశాడు. బయటి పదార్థం తగిలినప్పుడు ఒంటి ప్రతిస్పందన మారిపోవడం అని దాని భావం. అంటే మన అమ్మమ్మల అమ్మమ్మల కాలంలో ఆ పేరే లేదు. పేరు లేనంత మాత్రాన బాధ లేదనగలమా?

మా అమ్మమ్మ సంగతే చెబుతాను. చలికాలం వచ్చిందంటే రాత్రిళ్ళు పడుకునేది కాదు. మంచం మీద కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి తెల్లవార్లూ గాలి కోసం యాతన పడేది. పక్క గదిలో పడుకున్న మాకు ఆవిడ ఊపిరి వినిపించేది. "అమ్మమ్మకి ఆయాసం" అనేవాళ్ళు, అంతే. ఏ రిజిస్టరులోనూ ఆవిడ పేరు ఆస్తమా కింద ఎక్కలేదు. మా రోజుల్లో ఇవి లేవని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ దిండే గుర్తొస్తుంది.

సరే, మరి పెరిగాయో లేదో తేలేదెలా? ఇక్కడే అసలు కష్టం ఉంది.

మొదటిది, జబ్బు పడ్డవాళ్ళు ఒకచోట గుంపుగా కనిపిస్తే అదే లెక్క అనుకోవడం. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో చేప మందు కోసం వచ్చే జనాన్ని చూసినవాళ్ళు "అబ్బో, దేశంలో ఉబ్బసం ఇంతుందా!" అనుకుంటారు. కాని అక్కడికి వచ్చినవాళ్ళే కనిపిస్తారు, రానివాళ్ళెందరో తెలియదు. వచ్చినవాళ్ళు ఎంతమంది జనంలోంచి వచ్చారో తెలియదు. రైళ్ళూ బస్సులూ పెరిగితే జబ్బు పెరగకుండానే గుంపు పెరుగుతుంది. ఆసుపత్రి లెక్కలకీ ఇదే చిక్కు. బెంగళూరులో ఒక పిల్లల ఆసుపత్రిలో పరీక్షించిన పిల్లల్లో ఆస్తమా ఉన్నవాళ్ళు 1979లో 9 శాతం, 1999లో 29.5 శాతం అని లెక్క తేలింది. పట్టించుకోవలసిన లెక్కే. అయినా అది ఆసుపత్రి గడప తొక్కిన పిల్లల లెక్క గాని, ఊళ్ళో పిల్లలందరి లెక్క కాదు.

రెండోది, కొలపాత్ర మారిపోవడం. నిరుడు బియ్యం తవ్వతో కొలిచి, ఈ ఏడు సోలతో కొలిచి "అమ్మో, రెట్టింపయ్యాయి" అంటే మీరు నవ్వరూ? జబ్బుల లెక్కలో అదే జరుగుతూంటుంది. ఒకప్పుడు బ్రాంకైటిస్ అన్నదాన్నే ఇంకొకప్పుడు ఆస్తమా అంటారు. పేరు మారిందంతే, పిల్లవాడు అలాగే ఉన్నాడు. స్విట్జర్లాండులో 1926లో గడ్డి జ్వరం ఉన్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరని, 1980ల్లో నూటికి పదిమంది దాకా తేలారని అంటారు. నిజమైన పెరుగుదల అందులో చాలా ఉండవచ్చు. కాని రెండుసార్లూ కొలిచిన పాత్ర ఒకటి కాదు.

అదే ఊళ్ళో, అదే వయసు పిల్లల్ని, అవే ప్రశ్నలు, కొన్నేళ్ళు ఆగి మళ్ళీ అడిగితేనే ఏమైనా తేలుతుంది. ఆ పని చేసినవాళ్ళు స్కాట్లండులోని ఆబర్డీన్ నగరం వాళ్ళు. 1964లో అక్కడి బడిపిల్లలు 2,510 మంది సంగతి కనుక్కున్నారు. పాతికేళ్ళ తరవాత, 1989లో, మళ్ళీ 3,403 మంది సంగతి కనుక్కున్నారు. ఛాతీలో పిల్లికూతలు వచ్చిన పిల్లలు 10.4 శాతం నుంచి 19.8 శాతానికి చేరారు. ఆస్తమా అని డాక్టరు చెప్పినవాళ్ళు 4.1 నుంచి 10.2 అయ్యారు. గడ్డి జ్వరం 3.2 నుంచి 11.9 అయింది. చర్మం మీది ఎగ్జిమా 5.3 నుంచి 12 అయింది. పేరు మారడం వల్లనే పెరిగినట్టు కనిపించిందనుకుంటే, పిల్లికూతలు పెరగకూడదు కదా! అవీ ఇంచుమించు రెట్టింపయ్యాయి. అంటే పెరుగుదల నిజమే.

ఫిన్లండులో ఇంకో మార్గం దొరికింది. అక్కడి కుర్రవాళ్ళు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళకి సైన్యంలో చేరేముందు వైద్య పరీక్షకి వెళతారు. ఆ పాత దస్తరాలన్నీ తిరగేశారు. 1926 నుంచి 1961 దాకా ఆస్తమా ఉన్నవాళ్ళు పదివేలకి ఎనిమిది మందికి మించలేదు. 1966లో 0.29 శాతం, 1989లో 1.79 శాతం! 1960ల్లో మొదలైన మెట్లు ఎక్కుతూనే పోయాయి.

మరి ఎందుకు పెరిగాయి? అందరూ మొదట వేలు చూపించింది పొగ వైపు, ఫ్యాక్టరీల వైపు. ఈ సంగతి తేల్చే అవకాశం చరిత్రే తెచ్చిపెట్టింది. 1989లో బెర్లిన్ గోడ కూలింది. మ్యూనిక్ నగరపు పిల్లల డాక్టరు ఎరికా ఫాన్ మ్యూటియస్ అనే ఆవిడ, ఒకే జాతి, ఒకే భాష, నలభై ఏళ్ళుగా వేరువేరు బతుకులు అయిన రెండు జర్మనీల పిల్లల్ని పోల్చి చూసింది. తూర్పున లైప్‌జిగ్, హాలె పట్టణాల్లో బొగ్గు పొగ దట్టంగా కమ్ముకుని ఉండేది. అక్కడే ఎలర్జీ ఎక్కువుంటుందని ఆవిడా అనుకుంది. తీరా చూస్తే తలకిందులైంది. తూర్పున దగ్గులూ బ్రాంకైటిసూ ఎక్కువే గాని, గడ్డి జ్వరం పడమటి పిల్లల్లో కంటే చాలా తక్కువ! తరవాత లైప్‌జిగ్‌లో 1995-96లో మళ్ళీ చూశారు. గాలి శుభ్రపడుతోంది, బతుకు తీరు పడమటి దారి పట్టింది. గడ్డి జ్వరం 2.3 శాతం నుంచి 5.1 శాతానికి పెరిగింది.

అదే 1989లో ఇంగ్లండులో డేవిడ్ స్ట్రాకన్ ఇంకో సంగతి బయటపెట్టాడు. 1958 మార్చిలో ఒక్క వారంలో పుట్టిన 17,414 మంది పిల్లల్ని ఇరవై మూడేళ్ళ దాకా గమనించిన లెక్క అది. పైన అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న పిల్లలకి గడ్డి జ్వరం తక్కువ. పెద్ద కుటుంబంలో పసితనంలోనే ఒకరి నుంచి ఒకరికి సూక్ష్మజీవులు అంటుకుంటాయి. వాటితో ఒళ్ళు అలవాటు పడుతుంది. చిన్న కుటుంబం, మరీ శుభ్రమైన ఇల్లు అయితే ఆ పరిచయం తగ్గుతుందని ఆయన ఊహ. ఆ తరవాత ఆల్ప్స్ కొండల దగ్గర పశువుల కొట్టాల మధ్య పెరిగిన పిల్లల్లోనూ ఎలర్జీలు తక్కువని తేలింది. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు రైతు తెగలున్నాయి. ఇంట్లోనే పశువులతో మెలిగే ఆమిష్ పిల్లల్లో ఆస్తమా సుమారు 5 శాతం, యంత్రాల సేద్యం చేసే హటరైట్ పిల్లల్లో 21 శాతం అని 2016లో ప్రకటించారు. బ్లాక్‌లీ గారి రైతుల చిక్కుకి జవాబు ఆ దిక్కునే ఉంది.

అయితే ఇది విని రేపటి నుంచి చేతులు కడగడం మానేసేరు! శుభ్రమైన నీరు, సబ్బు, టీకాలు ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో మనకి తెలుసు. పిల్లాడికి విరేచనాలు పట్టించడం వల్ల ఎలర్జీ తగ్గదు. మనిషితో అనాదిగా కలిసి బతికిన, హాని చెయ్యని సూక్ష్మజీవులతో పరిచయం తగ్గడం ఒక కారణమని ఇప్పటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది ఒక్కటే కారణమని ఎవరూ అనడం లేదు. ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, ఒక దేశంలో పిల్లలందరికీ ఒకేసారి పెరిగిన జబ్బుకి ఏ ఒక్క తల్లి పెంపకమూ కారణం కాదు. లెక్కల చరిత్ర మనకి ఇచ్చే మొదటి ఊరట ఇదే.

ఇక ప్రపంచమంతటినీ ఒకే సోలతో కొలిచిన కథకి వద్దాం. 1991లో న్యూజీలండులోని ఆక్లండు వాళ్ళూ జర్మనీ వాళ్ళూ కలిసి ఐజాక్ అనే పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. దాన్ని చాలాకాలం ముందుండి నడిపించింది ఇన్నెస్ ఆషర్ అనే పిల్లల వైద్యురాలు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు తామే జవాబులు రాస్తారు. ఆరేడేళ్ళ పిల్లలకి తల్లిదండ్రులు రాస్తారు. ప్రశ్నల తెలివి చూడండి. "నీకు ఆస్తమా ఉందా?" అన్న దానితో సరిపెట్టలేదు. "గడిచిన పన్నెండు నెలల్లో ఛాతీలో పిల్లికూతలు వచ్చాయా?" అని అడిగారు. "పడిశం పట్టకుండానే తుమ్ములు, ముక్కు కారడం ఉన్నాయా?" అని అడిగారు. "వస్తూ పోతూ ఆరు నెలలైనా ఉన్న దురద మచ్చలున్నాయా?" అని అడిగారు. జబ్బు పేరు డాక్టరుకి తెలియాలి. పిల్లికూత తల్లి చెవికి తెలుసు.

పిల్లికూతకి చాలా భాషల్లో సరైన మాట లేక వాళ్ళు తంటాలు పడ్డారు. అందుకని ఊపిరాడక ఎగశ్వాస తీసుకునే పిల్లల దృశ్యాలు వీడియో తీసి, "నీకెప్పుడైనా ఇలా అయిందా?" అని చూపించారు. మన భాషకి ఆ బాధ లేదు. గొంతులో పిల్లి కూసినట్టుందంటే ఏ పల్లెటూరి ముసలమ్మకైనా అర్థమవుతుంది. తామరకీ గజ్జికీ ఎగ్జిమాకీ తేడా తెలియక తికమకపడేవాళ్ళం మాత్రం మనలో చాలామందిమే.

ఐజాక్ మొదటి విడతలో 56 దేశాల్లో, 155 కేంద్రాల్లో, 4,63,801 మంది పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు జవాబులిచ్చారు. 1998లో ఫలితాలు ప్రకటించారు. ఒక చోటికీ ఇంకో చోటికీ ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా తేడా! బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలండు, ఐర్లండు పైవరసలో ఉన్నాయి. ఇండొనేషియా, చైనా, ఇథియోపియాలతో పాటు మన దేశం కిందివరసలో ఉంది. కొన్నేళ్ళు ఆగి మళ్ళీ కొలిచి 2006లో ప్రకటించినప్పుడు, చాలాచోట్ల ముఖ్యంగా చిన్నపిల్లల్లో ఇవి పెరుగుతున్నాయని తేలింది. బాగా ఎక్కువగా ఉన్న కొన్ని దేశాల్లో మాత్రం ఆస్తమా తగ్గుముఖం పట్టింది. బ్రిటన్‌లో 1995లో పిల్లికూతలున్న పిల్లలు 33.9 శాతం కాగా 2002కి 27.5 శాతానికి తగ్గారు. కాని ఆస్తమా అని పేరు పడ్డవాళ్ళు 20.6 నుంచి 25.9 శాతానికి పెరిగారు. బాధ తగ్గింది, పేరు పెరిగింది! వట్టి పేర్లే లెక్కపెట్టి ఉంటే ఎంత తప్పు చరిత్ర రాసుకునేవాళ్ళమో చూశారా?

మన దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకం. 2012లో ప్రకటించిన ఒక జాతీయ పరిశోధనలో పన్నెండు కేంద్రాల్లో, మన సికింద్రాబాదు కూడా అందులో ఉంది, లక్షా అరవై తొమ్మిది వేల మంది పెద్దవాళ్ళని అడిగితే ఆస్తమా 2.05 శాతమని తేలింది. శాతం చిన్నదే గాని, దేశం మొత్తానికి గుణిస్తే కోటీ డెబ్భై లక్షల మంది. ఐజాక్‌కి వారసురాలిగా 2012లో ఏర్పడ్డ సంస్థ తరఫున మన దేశంలో తొమ్మిది చోట్ల 1,25,000 మందికి పైగా పిల్లల్నీ పెద్దల్నీ అడిగారు. 2022లో వచ్చిన ఆ ఫలితం చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. పిల్లికూతలతో బాధపడేవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా తమకున్నది ఆస్తమా అని తెలియనే తెలియదు. బ్రిటన్‌లో బాధ కంటే పేరు ముందు పరిగెత్తింది. మన దేశంలో బాధ ఉంది, పేరు లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. ఎందుకంటే ఆ నూటికి ఎనభైలో మా ఇల్లూ ఉంది.

మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా బడిలో ఆరోగ్యం గురించి ఒక కాగితం నింపి పంపమన్నారు. అందులో ఒక ప్రశ్న, "రాత్రిళ్ళు ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయా?" అని. ఉన్నాయి. ఆ చలికాలంలోనే నాలుగైదు రాత్రులు దాని వీపు రాస్తూ కూర్చున్నాను. అయినా "లేదు" అని రాశాను. ఆడపిల్ల, కాగితం మీద పడితే చెరగదు, రేపు పెళ్ళి సంబంధాలప్పుడు ఎవరి చెవినైనా పడితే? మా అత్తగారూ అదే మంచిదన్నారు. రెండు నెలల తరవాత పిల్లల్ని విహారయాత్రకి తీసుకువెళ్ళారు. దుమ్ములో నడిచి పిల్లకి ఊపిరాడలేదు. వెంట ఉన్న టీచరమ్మ పాపం, భయపడిందనుకుని నీళ్ళు తాగించి పడుకోబెట్టిందట. పడుకుంటే ఇంకా ఎక్కువవుతుందని ఆవిడకేం తెలుసు? "లేదు" అని రాసిందాన్ని నేను. వేళకి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అమ్మాయిలో నాకు మా అమ్మమ్మ కనిపించింది. అమ్మమ్మ కాలంలో పేరూ లేదు, మందూ లేదు. నా కాలంలో రెండూ ఉన్నాయి. మధ్యలో నేను అడ్డం నిలబడ్డాను.

కనక మీ అందరికీ ఒక్క మనవి. ఈ చరిత్ర పెద్ద పెద్ద పరిశోధనాలయాల్లో మాత్రమే తయారు కాలేదు. ఆరేడేళ్ళ పిల్లల తల్లులు బల్ల దగ్గర కూర్చుని నింపిన కాగితాల్లోంచి పుట్టింది. రేపు ఆశా కార్యకర్తో, బడివాళ్ళో, పరిశోధన చేసేవాళ్ళో మీ గుమ్మంలోకి వచ్చి అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అడిగేవాళ్ళు రాకపోయినా పాలలెక్క రాసుకునే క్యాలెండరు మన ఇంట్లో ఉండనే ఉంది. బిడ్డకి ఆయాసం వచ్చిన రాత్రి ఆ తేదీ పక్కన చిన్న గీత గీయండి. ఆ రోజు దూలాలు దులిపారా, పక్కింట్లో సున్నం వేశారా, పొయ్యి పొగ ఎక్కువైందా, ఒక మాట రాసిపెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "అప్పుడప్పుడూ వస్తుందండీ" అనే బదులు ఆ క్యాలెండరు చూపించండి. ఆయనకి అంతకన్నా మంచి లెక్క ఇంకెవరూ ఇవ్వలేరు. ఆస్తమాకి ఇవాళ మంచి పీల్చే మందులున్నాయి. వేళకి వాడుకుంటే పిల్లలు అందరిలాగే ఆడతారు, పాడతారు.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. పీల్చే మందు దాని చేతిసంచిలో దువ్వెన పక్కన ఉంటుంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి ఆ సంగతి అదే చెప్పింది, నేను కాదు. వాళ్ళలో ఒకావిడ, ఇప్పుడు దానికి అత్తగారు, మెల్లిగా "మా వాడికీ చిన్నప్పుడు ఉండేదమ్మా, ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

లెక్కలోకి రాకుండా ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయో! సెలవు.